డెబ్బై అయిదో ఎత్తు

బచేలి ఇనుప గనుల టౌన్‌షిప్‌లో ఒక స్కూల్లో ఆటల టీచరుగా నాకు జీతం వచ్చేది. ఆదివారాల్లో, సెలవుల్లో, ఒక్కోసారి సెలవు పెట్టి మరీ చేసిన పని వేరే ఉంది. చదరంగం పోటీలకు ఆర్బిటర్‌ని. జగదల్‌పూర్, దంతెవాడ, గీదం, సుక్మా, భోపాల్‌పట్నం, ఇలా బస్తర్‌లో బల్లలు వేసి గడియారాలు పెట్టిన హాళ్ళలో సగం జీవితం నిలబడి గడిపాను. మోకాళ్ళు మొరాయించాక మానేశాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు ఇంటికొచ్చి, పరీక్షకు ఏం చదవాలి మేడం అని అడుగుతుంటారు. పరీక్షకు కావలసింది నియమాల పుస్తకంలో ఉంది. అందులో లేనిది కొంత నా దగ్గర ఉంది. అది రాస్తున్నాను.

పేర్లన్నీ మార్చాను. ఇంతకాలం రాయకపోవడానికి కారణం ఒకావిడ. ఆవిడ కిందటేడు వాళ్ళ ఊళ్ళో కన్నుమూశారు.

పని ఏమిటంటే

ఆర్బిటర్ అంటే చదరంగంలో అంపైర్. క్రికెట్ అంపైర్ వేలెత్తితే జనం చూస్తారు. మేము హాల్లో ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియకూడదు. నిలబడటం, చూడటం, నోరు మూసుకోవడం, పనిలో ముప్పాతిక వంతు ఇదే. కిటికీ బయట నుంచి కొడుక్కి సైగలు చేసే తండ్రిని పక్కకు తీసుకెళ్ళాలి. మోగిన ఫోన్ ఎవరిదో పట్టుకోవాలి. కరెంటు పోతే గడియారాలన్నీ ఆపించాలి. తోంగ్‌పాల్ దగ్గర రోడ్డు మూసేశారని తెలిస్తే, సుక్మా నుంచి బస్సులో వచ్చే పిల్లలు ఓడిపోయినట్టు రాసెయ్యకుండా, రౌండు మొదలవకముందే నిర్వాహకులతో పోట్లాడి వాయిదా వేయించాలి. మొదలయ్యాక మీ చేతిలో ఏమీ ఉండదు.

కష్టమైనది ఇంకొకటుంది. ఆడుతున్నవాడికి తెలియని హక్కు ఒకటి ఉందనీ, అది వాడుకుంటే బతికిపోతాడనీ మీకు తెలుస్తుంది. చెప్పకూడదు. చెబితే ఎదుటివాడికి అన్యాయం చేసినట్టు. కొత్తవాళ్ళు ఇది వినగానే తలూపుతారు. హాల్లో నిలబడ్డప్పుడు తెలుస్తుంది.

ఠాకూర్ సార్

నేను చెప్పబోయే సంగతి అర్థం కావాలంటే ఒక నియమం తెలియాలి. చదరంగంలో ఆట చివరికొచ్చేసరికి బోర్డు మీద నాలుగైదు పావులే మిగులుతాయి. గెలుపు లేకుండా గంటల తరబడి తిప్పుకుంటూ పోవచ్చు. అందుకని ఒక హద్దు పెట్టారు. బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా ఇద్దరూ చెరో యాభై ఎత్తులు వేస్తే, వాళ్ళలో ఎవరైనా డ్రా అడగవచ్చు. ఆడేవాడే అడగాలి. అడక్కపోతే ఆట సాగుతుంది.

నేను ఈ పనిలోకి రాకముందు కొన్నాళ్ళు, కొన్ని రకాల ముగింపులకు యాభై చాలదని మినహాయింపులు ఉండేవి. తర్వాత వాటిని తీసేశారు.

నాకు పని నేర్పింది జగదల్‌పూర్ ఠాకూర్ సార్. అంత నిదానం, అంత నిజాయితీ ఉన్న ఆర్బిటర్‌ని మళ్ళీ చూడలేదు. గీదంలో కిరాణా కొట్టు నడిపేవాళ్ళ అమ్మాయి ఒకతె ఆయన ప్రధాన ఆర్బిటర్‌గా ఉన్న పోటీలో ఆడింది. ఆ అమ్మాయికి ఏనుగు ఒక్కటే మిగిలింది. ఎదుటివాడికి ఏనుగూ, ఒంటే ఉన్నాయి. ఒంటెను పుస్తకాల్లో శకటు అంటారు, హిందీ వాడుక వల్ల మా దగ్గర అందరూ ఒంటె అనే అంటారు. ఆ పిల్ల పళ్ళు బిగించి యాభై ఎత్తులు కాచి, గడియారం ఆపి, చెయ్యెత్తింది.

ఠాకూర్ సార్ వచ్చి బోర్డు చూసి, "బేటీ, ఈ ముగింపుకు వంద ఎత్తులు. ఆడు" అన్నారు.

నేను పక్కకు పిలిచి, ఆ మినహాయింపు ఇప్పుడు లేదు సార్ అన్నాను. "నువ్వు ఫ్రాకులేసుకునే రోజుల్లో నేను నియమాలు చదివాను" అన్నారు. ఆట సాగింది. ఇంకో పది, పదిహేను ఎత్తులకు ఆ అమ్మాయి ఓడిపోయింది. అప్పీలు చేయవచ్చని వాళ్ళ నాన్నకు తెలియదు. ఫలితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం సార్ ఇంటికెళ్ళి కొత్త పుస్తకం తీసి చూసుకున్నారు. మర్నాడు రౌండు మొదలయ్యే ముందు హాలు మధ్యలో నిలబడి, నిన్న తప్పు నాదే అని అందరి ముందూ చెప్పారు. ఆ అమ్మాయి మాత్రం అప్పటికే పోటీ వదిలేసి గీదం వెళ్ళిపోయింది. మళ్ళీ ఏ పోటీలోనూ కనపడలేదు. సార్ కూడా ఇంకెప్పుడూ ప్రధాన ఆర్బిటర్ కుర్చీలో కూర్చోలేదు.

ఆయన మీద గౌరవం తగ్గలేదు. కానీ ఒకటి చెప్పాలి. అనుభవం ఉన్నవాళ్ళు చేసే తప్పు కొత్తవాళ్ళు చేసే తప్పు కన్నా చెడ్డది, ఎందుకంటే ఎవరూ ఎదురుచెప్పరు. ఏటా పుస్తకం కొత్తగా చదవండి. నిరుటిది గుర్తుందనుకోకండి.

నియమాలు మళ్ళీ మారాయి. యాభై తర్వాత ఎవరూ అడక్కపోతే ఆట ఎంతకాలమైనా సాగవచ్చన్న పరిస్థితి పోయింది. చెరో డెబ్బై అయిదు ఎత్తులు నిండితే, ఎవరు అడిగినా అడక్కపోయినా ఆర్బిటరే వెళ్ళి ఆట ఆపి డ్రా అని ప్రకటించాలి. ఆ చివరి ఎత్తుతోనే ఆట కట్టయితే తప్ప. ఈ రెండో హద్దు సంగతి చాలామంది ఆటగాళ్ళకు ఇప్పటికీ తెలియదు.

ఇద్దరు స్నేహితులు

సింహాచలంగారిది శ్రీకాకుళం వైపు. గనిలో డ్రిల్లు మీద పనిచేసి రిటైరయ్యారు. కూతురు నా దగ్గరే స్కూల్లో ఖోఖో నేర్చుకుంది, పెళ్ళయి రాయ్‌పూర్‌లో ఉంటోంది. భార్య అప్పలనర్సమ్మగారు. వాళ్ళ వీధి వెనకే మా వీధి.

గంగయ్య భోపాల్‌పట్నం రైతు. వరి, మిరప. ఏటా కోతలయ్యాక బచేలిలో జరిగే పోటీకి బీజాపూర్, గీదం మీదుగా బస్సులు మారి వచ్చేవాడు. ఎప్పుడో మొదటిసారి వచ్చినప్పుడు ఉండటానికి చోటు లేకపోతే సింహాచలంగారు ఇంటికి తీసుకెళ్ళారు. అప్పటినుంచి ఏటా వాళ్ళింట్లోనే దిగేవాడు. అప్పలనర్సమ్మగారిని వదినా అనేవాడు. ఇంట్లో కూర్చుని రోజంతా ఆడుకునేవాళ్ళు, ఆటల్లో ఇద్దరూ గెలిచేవాళ్ళు. పోటీలో మాత్రం సింహాచలంగారు గంగయ్య మీద ఒక్కసారీ గెలవలేదు. గెలిచే ఆటలు కూడా చేజార్చుకున్నారు. టౌన్‌షిప్‌లో అదొక పెద్ద జోకు. ఆయన కూడా నవ్వేవారు. కానీ ఆ నవ్వు నేను దగ్గర నుంచి చూశాను. అది ఊరికే నవ్వడం కాదు.

రిటైరయ్యాక ఆయన ఊపిరితిత్తులు చెడిపోయాయి. బీడీలో, దుమ్మో, రెండూనో, డాక్టర్లు తలా ఒకటి చెప్పారు. నాలుగడుగులు నడిస్తే ఆగి గోడ పట్టుకునే స్థితికి వచ్చారు. ఆ ఏడు పోటీకి పేరు ఇస్తుంటే నేనే అన్నాను, "ఈసారి చూడటానికి రండి, ఆడొద్దు" అని.

"కూసునే ఆటే కదా మేడమ్‌గారూ. పరుగెట్టమంటే మానేస్తాను" అన్నారు.

గంగయ్య వచ్చాడు. ఎప్పటిలాగే వాళ్ళింట్లోనే దిగాడు. ఆఖరి రౌండులో ఇద్దరికీ జత పడింది. బహుమతి వరసలో ఇద్దరూ లేరు. ఆ ఆట ఎవరు గెలిచినా పోటీలో మారేదేమీ లేదు.

ఆట మొదలయ్యే ముందు సింహాచలంగారు నా ఎదుటే గంగయ్యతో అన్నారు, "ఒరే, జాలిపడి డ్రా గానీ అడిగేవంటే నీ మొకం సూడను."

గంగయ్య చెయ్యి కలిపి కూర్చున్నాడు.

ఆట

ఉదయం మొదలైన ఆట మధ్యాహ్నం దాటింది. ఎత్తు వేసిన ప్రతిసారీ గడియారం అర నిమిషం కలుపుతుంది, కాబట్టి టైము అయిపోయి ఆట ముగిసే ఆశ లేదు. మిగతా బల్లలన్నీ ఖాళీ అయ్యాయి. జనం ఈ బల్ల చుట్టూ తాడు అవతల చేరారు.

సింహాచలంగారికి తెల్లపావులు. ఆయన ఆఖరి బంటును గంగయ్య కొట్టేశాడు. ఇక మిగిలింది సింహాచలంగారికి రాజు, ఏనుగు, ఒంటె. గంగయ్యకు రాజు, ఏనుగు. గీదం అమ్మాయి ఆడిన ముగింపే. సరిగ్గా కాస్తే డ్రా. కానీ కాయడం నరకం. రాజును బోర్డు అంచుకు నెట్టి, అక్కడ ఊపిరాడకుండా తిప్పుతూ ఉంటారు. ఒక్క తప్పు చాలు.

ఆ కొట్టివేత దగ్గర్నుంచి నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఎత్తు పడగానే ఒక గీత. అది ఆర్బిటర్ చేయాల్సిన పనే.

ఇరవై ఎత్తులు దాటాక సింహాచలంగారి పెదాల రంగు మారింది. భుజాలు పైకి లేస్తూ దిగుతున్నాయి. నేను గడియారం ఆపి, ఆసుపత్రి నుంచి డ్యూటీ డాక్టరును పిలిపించాను. అంతవరకూ నాకు అధికారం ఉంది. డాక్టరు వేలికి మిషను పెట్టి చూసి, వెంటనే ఆసుపత్రికి రమ్మన్నాడు.

"ఆట అయ్యాక వస్తాను" అన్నారు సింహాచలంగారు.

"అప్పటిదాకా ఆగేలా లేదండీ."

"బాబూ, మంచం ఎక్కడికీ పోదు. ఎల్లు."

స్పృహలో ఉన్న మనిషిని బలవంతంగా తీసుకెళ్ళలేనని డాక్టరు చేతులెత్తేశాడు. ఆక్సిజన్ సిలిండరు ఒకటి తెప్పించి పక్కన పెట్టించాం. గొట్టం ముక్కుకి పెట్టుకోవడానికి మాత్రం ఒప్పుకున్నారు. నేను గడియారం మళ్ళీ నడిపించాను. గంగయ్య అప్పటిదాకా తల ఎత్తలేదు.

ఎవరో చెప్పినట్టున్నారు, అప్పలనర్సమ్మగారు వచ్చారు. వంటింట్లోంచి అలాగే వచ్చేసినట్టు కొంగు నడుముకు చుట్టే ఉంది. తాడు దగ్గర నిలబడి ఆయన్ని చూశారు. తర్వాత నా దగ్గరికి వచ్చారు.

"టీచరమ్మా, ఆపించండి. ఆ పెదాలు సూడండి, నేరేడు పండు రంగయిపోనాయి."

ఆవిడను గుమ్మం బయటికి తీసుకెళ్ళాను. "నేను ఆపలేనక్కా. ఆయన ఓడిపోయానని ఒప్పుకోవాలి, లేదా ఇద్దరూ డ్రాకి ఒప్పుకోవాలి."

"ఇంకేటీ లేదా?"

ఉంది. యాభై నిండితే గంగయ్య డ్రా అడగవచ్చు, ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆట ఆగిపోతుంది. ఆవిడకు చెబితే ఆ మాట అర నిమిషంలో బల్ల దగ్గరికి చేరుతుంది. చెప్పలేదు.

"కొంతసేపటికి దానంతట అది ఆగొచ్చు" అన్నాను.

"అంతవరకూ ఉంటారా ఆయన?" అని లోపలికి నడిచారు. "గంగయ్యకి నాను సెప్తాను. ఆడు నా సేతి కూడు తిన్నోడు. ఒక్క మాటంటే ఇంటాడు."

తాడు దాటబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విదిలించుకోబోయారు. నేను వదల్లేదు. ఆవిడ వయసులో నా కన్నా పెద్ద, ఒంటికి నా కన్నా చిన్న మనిషి. రెండు చేతులతో పట్టుకుని బయటికి తెచ్చి మెట్ల మీద కూర్చోబెట్టాను. ఒక టీచరును పిలిచి, లోపలికి రానివ్వొద్దని కాపలా పెట్టాను. ఆడేవాళ్ళతో బయటివాళ్ళు మాట్లాడకూడదు. నియమం అదే. ఆవిడ మెట్ల మీద కూర్చుని, కనపడని ఆటకేసి మొహం తిప్పుకుని ఉన్నారు.

యాభై తర్వాత

చెరో యాభై నిండి తన వంతు రాగానే గంగయ్య తల ఎత్తి నన్ను చూశాడు. అతనికి లెక్క తెలుసని ఆ చూపులోనే తెలిసింది. ఒక్క మాట. గడియారం ఆపి, మేడం, యాభై అయినయి అంటే చాలు. ఆయన్ని స్ట్రెచర్ మీద ఎక్కించవచ్చు. నా ముఖంలో ఏమీ కనపడకుండా ఉండటానికి నేను కిటికీ వైపు చూశాను. ఇన్నేళ్ళలో ఏ పనికీ అంత బలం ఖర్చుపెట్టలేదు.

మళ్ళీ బోర్డు చూసేసరికి గంగయ్య యాభై ఒకటోది ఆడేశాడు.

అప్పటినుంచి నాకు గంగయ్య మీద కోపం మొదలైంది. పంతం అనుకున్నాను. డ్రా అడిగితే నీ మొకం సూడను అని సింహాచలంగారు అన్నారు కాబట్టి, ఆ మాట పట్టుకుని స్నేహితుణ్ణి చంపుతున్నాడనుకున్నాను. సింహాచలంగారు మాత్రం మారిపోయారు. దగ్గు తగ్గలేదు, కానీ ఎత్తులు మాత్రం చక్కగా పడుతున్నాయి. ఆయన అంత బాగా ఆడటం నేనెప్పుడూ చూడలేదు. గంగయ్య రాజును అంచుకు నెట్టి, అక్కడి నుంచి కదలనివ్వకుండా పట్టుకున్నారు. జనంలో గుసగుసలు ఆగిపోయాయి.

డెబ్బై దాటాక నా లెక్కను ఇద్దరి స్కోర్ షీట్లతోనూ సరిచూసుకున్నాను. మూడూ కలిశాయి. బల్లకు దగ్గరగా జరిగాను.

సింహాచలంగారు డెబ్బై అయిదో ఎత్తు వేశారు. ఒంటెను ఒక గడి జరిపారు. ఇక గంగయ్య ఎత్తుతో హద్దు నిండుతుంది.

గంగయ్య చాలాసేపు ఆలోచించాడు. తర్వాత చివరి వరుసను కాస్తున్న ఏనుగును పక్కకు తీసేశాడు. గడియారం నొక్కాడు.

బోర్డు చూడటం వచ్చిన ఎవరికైనా కనపడుతుంది. తెల్ల ఏనుగు చివరి వరుసకు వెళితే ఆట కట్టు. సింహాచలంగారికి కనపడింది. ఒళ్ళో ఉన్న చెయ్యి పైకి లేచింది.

అది ఏనుగును ముట్టేలోపే నేను గడియారం ఆపాను.

"డెబ్బై అయిదు ఎత్తులు నిండాయి. నియమం ప్రకారం ఆట డ్రా."

ఆయన చెయ్యి గాల్లోనే ఉంది. కాసేపటికి, పావును ముట్టుకోకుండా వేలితో చివరి వరుసలోని గడిని చూపించారు.

"అక్కడ... అయిపోయింది కదా మేడమ్‌గారూ?"

"అవునండీ. ఇంకొక్క ఎత్తుంటే అయిపోయేది."

"ఒక్క ఎత్తు" అన్నారు. గాలి కోసం ఆగారు. "సరే. ఎక్కడ పెట్టమంటారు సంతకం?"

గంగయ్య నన్నే చూస్తున్నాడు. "డెబ్బై అయిదేంది మేడం? యాభై గదా? డెబ్బై అయిదు ఎక్కడిది?" చెప్పాను. రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అంతసేపు కాచి చివర్లో తప్పు చేసినందుకు సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

హాల్లో గోల మొదలైంది. పోటీ కార్యదర్శి తాడు దాటి వచ్చాడు. "మేడం, ఏం చేశారిది? ఒక్క ఎత్తు! ఎవరు లెక్కపెట్టారసలు?"

"నేను."

"ఇంకెవరూ పెట్టలేదు కదా?"

"నేను పెట్టాను."

ఇంటికొచ్చిన కొత్త ఆర్బిటర్లు ఇక్కడే ఆపి అడుగుతారు. ఆ ఒక్క ఎత్తూ చూడనట్టు ఉంటే పోయేది కదా మేడం, ఎవరికి నష్టం? ఆలోచించకుండా ఆపానని అనుకోకండి. ఆ చెయ్యి లేస్తున్నంతసేపూ ఆలోచించాను. యాభై దగ్గర నోరు మూసుకున్నాను. భార్య కాళ్ళావేళ్ళా పడితే మెట్ల మీద కాపలా పెట్టాను. అవన్నీ నియమం పేరు చెప్పి చేశాను. డెబ్బై అయిదు దగ్గర జాలిపడి కళ్ళు మూసుకుంటే, అంతకుముందు చేసినదంతా నియమం కాదు, నా ఇష్టం అయిపోతుంది. అప్పుడు ఆవిడను బయటికి లాగింది నా చేతులే అవుతాయి. ఇప్పుడైనా ఆ బల్ల దగ్గర నిలబెడితే గడియారం ఆపుతాను. ఇది మీకు క్రూరంగా అనిపిస్తే ఈ పనిలోకి రావద్దు. అనిపించకపోయినా రావద్దు.

జగదల్‌పూర్

ఆ సాయంత్రమే ఆయన్ని టౌన్‌షిప్ ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి నుంచి జగదల్‌పూర్ తీసుకెళ్ళారు. నేను చూడటానికి వెళ్ళాను. అప్పలనర్సమ్మగారు నన్ను చూసి లేచి, మంచినీళ్ళ సీసా తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

సింహాచలంగారు మాస్కు పక్కకు జరుపుకున్నారు. మొహం ఎండిపోయింది గానీ కళ్ళు వెలుగుతున్నాయి.

"ఆడు ఇరిగిపోయాడు మేడమ్‌గారూ" అన్నారు. "అన్నేళ్ళు నన్ను ఏడిపించేడు. నిన్న గాక మొన్న ఆ అంచుకి తోసి, కదలనీకుండా కూసోబెట్టేను. ఆఖరికి ఇరిగిపోయాడు. ఆ ఏనుగు తీసినప్పుడు ఆడి సెయ్యి సూసేరా? వణికింది."

"చూశానండీ."

"డ్రా అని రాసుకోండి, పర్లేదు. ఆడికి తెలుసు, నాకు తెలుసు. గెలిచింది నేనే."

ఇంకా చెప్పబోయి దగ్గు వచ్చి ఆగిపోయారు. మాస్కు సర్ది వచ్చేశాను. ఆ వారంలోనే పోయారు.

కర్మలకు గంగయ్య వచ్చాడు. భోజనాలయ్యాక స్కూలు గ్రౌండ్ దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"అక్కా, నీకొక ముచ్చట చెప్పాలె. లోపల పెట్టుకుంటే తిండి పోతలేదు." దగ్గర్లో ఎవరూ లేరని చూసుకున్నాడు. "ఆ ఏనుగు నేను కావాల్ననే తీసిన."

నాకు ముందు అర్థం కాలేదు.

"యాభై అయినయని నాకెరుకే. చెయ్యి లేపితే అయిపోతుండె. నిన్ను జూసిన గద అప్పుడు? తర్వాత ఆయన మొకం జూసిన. ఏండ్లు తగ్గినట్టుండె అక్కా, పడుసోని లెక్క. నేను డ్రా అంటే ఆ మొకం ఆడనే ఆరిపోతది. అందుకే అడగలే. ఇగ ఒక్కటి గెలువనీ అనుకున్న. కానీ ఇచ్చినట్టు తెల్వకుండ ఇయ్యాలె గద. ఆయనకు ఆట తెల్సు. పిచ్చి ఎత్తు ఏస్తే పట్టుకుంటడు, బల్ల తన్ని పోతడు. నిజంగ తప్పు జరిగేటట్టున్న జాగ రావాలె. దాని కోసం చూస్తనే ఉన్న, చూస్తనే ఉన్న. వచ్చేసరికి నువ్వొచ్చి డెబ్బై అయిదు అన్నవ్."

కావాలని ఓడిపోవడం చదరంగంలో నేరం. రిపోర్టు రాస్తే అతన్ని పోటీల నుంచి బహిష్కరిస్తారు. ఆ మాటే అన్నాను.

"రాయి. నేను ఇంక ఆడను. ఎవనితోని ఆడాలె?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "వదినకు చెప్పమంటవా? ఆమె నీ మీద మస్తు కోపంల ఉన్నది. నీ తప్పేం లేదని, అది ఒట్టి గెలుపని చెప్త."

వద్దన్నాను. సింహాచలంగారు గెలిచాననుకునే పోయారు. ఆవిడా అదే నమ్ముతున్నారు. నా భర్త గెలిచేవాడు, ఆ టీచరమ్మ ఒక్క ఎత్తు దగ్గర ఆపేసింది అని. గంగయ్య నిజం చెబితే నా మీద కోపం పోతుందేమో గానీ, ఆ గెలుపు కూడా పోతుంది. ఆవిడకు ఇంకేం మిగులుతుంది?

గంగయ్య తల ఊపి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు. రిపోర్టు నేను రాయలేదు. ఆట ముగిశాక ఆర్బిటర్‌గా కాక మనిషిగా విన్న మాట అది. దీన్ని మీరు ఒప్పుకోకపోవచ్చు.

టౌన్‌షిప్‌లో చాలామంది నాతో మాట్లాడటం తగ్గించారు. స్టాఫ్ రూములో నేను వెళ్ళగానే మాటలు ఆగేవి. ఏడాది తిరగకుండానే అప్పలనర్సమ్మగారు ఇల్లు ఖాళీ చేసి ఊరికి బయల్దేరారు. రాయ్‌పూర్ నుంచి కూతురూ అల్లుడూ వచ్చి సామాను వ్యానుకెక్కించారు. వెళ్ళకుండా ఉండలేక వెళ్ళాను.

ఆవిడ గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి మొహం తిప్పుకుంటారనుకున్నాను. తిప్పుకోలేదు.

"టీచరమ్మా, ఒకటడుగుతాను సెప్పు. నాను ఆపమని ఏడ్సినప్పుడు ఆపలేదు. నన్ను కుక్కని ఈడ్సినట్టు బైటికి ఈడ్సేసినావు. సరే, అదేదో మీ పద్ధతనుకున్నాను. ఆఖర్న ఆయన గెలుస్తన్నాడని ఎవరో అంటే గుమ్మంలోంచి సూసి, ఇంకొక్క సెనం ఆపకురా దేవుడా అని దణ్ణం ఎట్టుకున్నాను. అప్పుడు ఆపేసినావు. ఒక్క ఎత్తమ్మా. ఆయన బతుకులో ఒక్కటి. ఎందుకియ్యలేకపోనావు?"

కూతురు, "అమ్మా, వదిలెయ్" అంటూ దగ్గరికొచ్చింది. ఆవిడ కదల్లేదు. జవాబు కోసం నిజంగానే నా మొహంలోకి చూస్తున్నారు.

"నియమం అదే అక్కా" అన్నాను.

ఆవిడకు ఇవ్వగలిగిన జవాబు ఇంకొకటి నాకు తెలుసు. వ్యాను తలుపు వేసేదాకా అక్కడే నిలబడ్డాను, చెప్పలేదు.